మార్తమ్మ కోటుకు ఇంటర్వెల్ ఎక్కడ?

మా పెళ్లయి నలభై ఒక్క రోజులైంది. అందులో నలభై రోజులు మేమిద్దరం ప్రభుత్వం దృష్టిలో రెండు కుటుంబాలుగా బతికాం. కారణం ఒక సినిమా. అందులో పాటలు లేవు, ఫైట్లు లేవు, కనీసం ఒక విలన్ అయినా లేడు. ఒక ముసలి దర్జీ, ఆయన కుట్టు మిషను, బయట మంచు. అంతే.

మొదటి నుంచీ చెబితే గానీ అర్థం కాదు. జనం సినిమాల గురించి మరీ ఎక్కువగా మాట్లాడుకుంటున్నారని ఆమధ్య పైవాళ్లకు అనుమానం వచ్చింది. సర్వే చేయించారు. నలుగురున్న ఇంట్లో ఒక్కో సినిమా మీద సగటున ఆరు అభిప్రాయాలు ఉన్నట్టు తేలింది. ఆ అదనపు రెండు ఎవరివో ఎంత వెతికినా తెలియలేదు. ఇలాగే వదిలేస్తే దేశం ఏమైపోతుందని చలనచిత్ర అభిప్రాయ సమన్వయ శాఖ పెట్టారు. ‘ఒకే ఇల్లు, ఒకే టాక్’ అనేది ఆ శాఖ నినాదం. ఇంటింటికీ టాక్ కార్డు ఇచ్చారు. రేషన్ కార్డంత ఉంటుంది, వంకాయ రంగు.

కార్డులో ఒక్కో సినిమాకి రెండు గడులు. ఒకటి ఫస్టాఫ్, రెండోది సెకండాఫ్. సినిమా చూసిన పదిహేను రోజుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక మాట మీదికి రావాలి. ఇంటి పెద్ద వెళ్లి ఆ మాట కార్డులో వేయించుకు రావాలి. వేయడానికి నాలుగే ముద్రలు: సూపర్, పర్లేదు, ఒకసారి చూడొచ్చు, ల్యాగ్. నిజం చెప్పొద్దూ, ఈ ఏర్పాటు మీద నాకేమీ కోపం లేదు. ‘సూపర్’ ముద్ర చుట్టూ చిన్న చిన్న పువ్వులుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

పెళ్లయిన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో కొట్టేసి అత్తింటి కార్డులో ఎక్కిస్తారు. పేరుతోపాటు ఆ అమ్మాయి అభిప్రాయాలు కూడా బదిలీ అవుతాయి. మా ఇంట్లో సినిమాల సంగతి నాకే వదిలేశారు కాబట్టి మా కార్డు నిండా ఉన్నవి నా అభిప్రాయాలే. అప్పగింతలప్పుడు నిబ్బరంగా నిలబడ్డ మా నాన్న, అభిప్రాయ బదిలీ పత్రం చేతికిచ్చేటప్పుడు మాత్రం కండువాతో కళ్లు తుడుచుకున్నారు. “అరవై నాలుగు సినిమాలమ్మా ఇందూ. జాగ్రత్తగా చూసుకో,” అన్నారు.

మా ఆయన పేరు దివాకర్. కాలువల ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం. పెళ్లిచూపుల్లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న “మీరు టైటిల్స్ పడకముందే వెళ్లి కూర్చుంటారా?” అని. నేను ట్రైలర్ల నుంచీ కూర్చుంటానన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసే నేను ఒప్పుకున్నాను.

మాకొచ్చిన కష్టమల్లా గది. అత్తగారింట్లో రెండే గదులు. ఒకటి అత్తయ్యగారు వాళ్లది. మాది హాలు. హాలుకి తలుపు లేదు, చిలకల బొమ్మల కర్టెన్ ఉంది. మామగారు చాలా మర్యాదస్తులు. హాల్లోకి వచ్చే ముందు దగ్గుతారు. ఆయనకి అంతకుముందు దగ్గే లేదట, మా పెళ్లయ్యాకే వచ్చింది. టీవీ హాల్లో ఉంది. ఫ్రిజ్ హాల్లో ఉంది. పెరట్లోకి దారి హాల్లోంచే. కాబట్టి ఆయన రోజంతా దగ్గుతూనే ఉంటారు.

మా ఆయన ఆఫీసు వాళ్ల క్వార్టర్లలో పధ్నాలుగో నంబరు ఖాళీగా ఉంది. రెండు గదులు, వంటిల్లు. లోపలి గదికి తలుపు కూడా ఉంది. మా ఆయన పేరు జాబితాలో అందరికంటే ముందుంది. కావలసిందల్లా ఇద్దరి అభిప్రాయాలూ కలిపిన దంపతుల ఉమ్మడి టాక్ కార్డు. నెలాఖరులోగా తెస్తే క్వార్టరు మాది. తేకపోతే ఇంకెవరిదో.

సరే, ఇద్దరం కూర్చుని మా అభిప్రాయాలు కలుపుకోవడం మొదలుపెట్టాం. నాకు జీవితంలో అంత సరదాగా ఎప్పుడూ గడవలేదు. రోజూ సాయంత్రం ఒక పళ్లెం పకోడీలు, ఆరేడు సినిమాలు.

ఒక మలయాళం సినిమాలో ఒకాయన రెండున్నర గంటలు ఒకే గొడుగు బాగుచేస్తాడు. వాన పడుతూనే ఉంటుంది. ఏమీ జరగదు, అందరూ ఏడుస్తారు. మా ఆయన కూడా ఏడ్చారట. నేను మాత్రం వాళ్లు తింటున్న చేపల పులుసు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇద్దరం ‘సూపర్’ దగ్గర కలిశాం. ఒక హిందీ సినిమాలో ఒక కుటుంబానికి మూడంతస్తుల మేడ. ఒక్కొక్కరూ ఒక్కో గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడుస్తుంటారు. అన్ని గదులుండి ఎందుకేడుస్తున్నారో మా ఇద్దరికీ అర్థం కాలేదు. ‘ల్యాగ్.’ ఒక తెలుగు సినిమాలో అసలు కథ మొదలవుతుందనగా మిగతాది రెండో భాగంలో చూడమన్నారు. ఫస్టాఫ్ గడిలో ‘పర్లేదు’, సెకండాఫ్ గడిలో ‘ఇంకా రాలేదు’ అని రాసుకున్నాం. ఒక హాలీవుడ్ సినిమాలో తండ్రీ కొడుకులు భోజనాల బల్ల దగ్గర రెండు గంటలు పోట్లాడుకుంటారు. చల్లారిపోతున్న ఆ బంగాళదుంపల్ని ఒక్కరంటే ఒక్కరు ముట్టుకోరు. “నటన గొప్పది,” అన్నారు మా ఆయన. “దుంపలు పాపం,” అన్నాను నేను. ‘ఒకసారి చూడొచ్చు.’

ఇలా పది రోజుల్లో అరవై మూడు సినిమాలు కలిశాయి. ఒకటి లెక్కలో తప్పిపోయిందని మాకు తెలియలేదు. కాగితాలు పట్టుకుని ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం.

అక్కడ సీనియర్ అసిస్టెంట్ భ్రమరాంబ గారని ఒకావిడ ఉన్నారు. ముప్పై ఏళ్ల సర్వీసు. కళ్లజోడుకి ముత్యాల గొలుసు. మా కాగితాలన్నీ తిరగేసి, చివరిదాని దగ్గర వేలు ఆపేశారు.

“అరవై నాలుగోది కలవలేదమ్మాయ్.”

“ఏదండీ?”

“మార్తమ్మ కోటు. మీ ఆయన ఫస్టాఫ్ ల్యాగ్, సెకండాఫ్ సూపర్ అన్నాడు. నువ్వు పుట్టింటి నుంచి ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ ల్యాగ్ అని తెచ్చుకున్నావు. అటుది ఇటు, ఇటుది అటు.”

“ఒక్క సినిమాయే కదండీ మేడమ్,” అన్నారు మా ఆయన, ఎంతో వినయంగా.

“ఒక్క రాయే కదా అని అన్నంలో నమిలేస్తావా బాబూ?”

ఆ సినిమా హాలీవుడ్‌ది. తెలుగులోకి డబ్ చేసి ‘మార్తమ్మ కోటు’ అని వదిలారు. మార్త అనే ముసలావిడ మతిమరుపు జబ్బుతో మొగుణ్ని మర్చిపోతుంది. ఆ మొగుడు దర్జీ. చలికాలం వచ్చేలోగా ఆవిడకి కోటు కుడతాడు. కథ ఇంతే. డబ్బింగ్ చెప్పినవాడు మాత్రం ఏమీ తగ్గించలేదు. “ఓ మార్తా! ఈ మంచు వీధిలో కాదు, నా గుండెల్లో కురుస్తోంది!” అని హోరెత్తించేశాడు. పెళ్లికి ముందు నేను మా ఊళ్లో చూశాను, మా ఆయన ఇక్కడ చూశారు.

భ్రమరాంబ గారు మమ్మల్ని లోపలికి పంపారు. ప్రాంతీయ అభిప్రాయాధికారి విశ్వపతి గారు చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే మాట్లాడారు.

“సదరు చిత్రం విషయమై సదరు దంపతుల నడుమ భిన్నాభిప్రాయం నెలకొని ఉన్నట్లు శాఖ దృష్టికి వచ్చి ఉన్నది. శాఖ దీనిని తేలికగా తీసుకోజాలదు. ఈ రోజు కోటు విషయంలో భేదం. రేపు పంచె విషయంలో భేదం. ఎల్లుండి?”

మేం ఆలోచించాం కానీ ఎల్లుండి ఏమిటో తట్టలేదు.

“కావున ఎవరో ఒకరు తమ అభిప్రాయమును ఉపసంహరించుకొనవలెను. ఒక మనిషి ఒక సినిమాకి ఒక్కసారి మాత్రమే మార్చుకొనుటకు వీలున్నది. రెండోసారి మార్చుకొనువారిని శాఖ మనుషులుగా పరిగణించదు.”

ఆ రోజు ఇద్దరం ఇంటికి నడుచుకుంటూ వెళ్లాం. నేను మనసులో తేల్చేసుకున్నాను. ఏం పోయింది? ఆయనంటే నాకిష్టం. ఆయన ఫస్టాఫ్ ల్యాగ్ అంటే ల్యాగే. మర్నాడు గుడికి వెళ్తానని చెప్పి ఆఫీసుకి వెళ్లి, నా అభిప్రాయం మార్చుకుంటున్నట్టు దరఖాస్తు రాసిచ్చాను. వస్తూ వస్తూ రెండు మూరల మల్లెపూలు కొనుక్కున్నాను. ఇంత పెద్ద త్యాగం చేసిన ఆడది ఎలా ఉంటుందో చూద్దామని అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంది. సాయంత్రం ఆయన కూడా ఎందుకో ఈల వేసుకుంటూ వచ్చారు, చేతిలో పాలకోవా పొట్లం. ఒకరికొకరం చెప్పకుండా, ఒకరి మొహం ఒకరం చూసుకుని మురిసిపోయాం.

మూడో రోజు శాఖ నుంచి నోటీసు వచ్చింది. ‘తమరి ఉభయుల దరఖాస్తులు ఆమోదించడమైనది. భార్య భర్త అభిప్రాయమునకును, భర్త భార్య అభిప్రాయమునకును మారి ఉన్నారు. భేదం యథాతథం. దిశ మాత్రమే మారినది.’

“మీరెందుకు మార్చుకున్నారండీ?” అన్నాను.

“నువ్వెందుకు మార్చుకున్నావ్?”

“మీ కోసం!”

“మరి నేను ఎవరి కోసం, పక్కింటాయన కోసమా?”

“చెప్పాలి కదండీ!”

“చెబితే అది త్యాగం ఎలా అవుద్ది ఇందూ?”

కర్టెన్ అవతల నుంచి అత్తయ్యగారు అన్నారు, “ఒరే, మీ త్యాగాలు అయ్యాయా? ఫ్రిజ్‌లోంచి కరివేపాకు తీసుకోవాలి, పోపు మాడిపోతంది.” ఆవిడ వెనకే మామగారు రెండుసార్లు దగ్గారు.

ఇంట్లో పోట్లాడుకోవడానికి కూడా వీల్లేక కాలువ వంతెన దగ్గరికి వెళ్లాం. అక్కడ బజ్జీల బండి ఉంది. మొదటి బజ్జీ కోపంగా తిన్నాం. రెండో బజ్జీకి ఆయనే మాట కలిపారు.

“అయినా ఆ సినిమాలో నీకు ఫస్టాఫ్ ఎలా నచ్చింది? టేపు పెట్టి కొలుస్తానే ఉంటాడు కదా ముసలాయన. భుజం కొలుస్తాడు, చెయ్యి కొలుస్తాడు, మళ్లీ భుజం.”

“ఆ తర్వాత మార్తమ్మ నవ్వుతుంది కదండీ. టేపు మెడ మీద చక్కిలిగింత పెడితే. నాకు అక్కడే ప్రాణం లేచొచ్చింది.”

“అది సెకండాఫ్‌లో కదా!”

“కాదండీ, ఫస్టాఫ్‌లో.”

“ఇందూ, నేను సమోసా తెచ్చుకుని కూర్చున్నాక నవ్విందావిడ. నా చేతిలో సమోసా ఉంది. నాకు బాగా గుర్తు.”

“నేను ఆవిడ నవ్వాక చాలాసేపటికి గానీ సమోసా తెచ్చుకోలేదు. నాకూ బాగా గుర్తే.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హాలీవుడ్ సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు. మన హాలువాళ్లే ఎక్కడో ఒకచోట ఆపి లైట్లేస్తారు. ఈ ఊళ్లో మ్యాట్నీ మొదలైన ముప్పై ఎనిమిదో నిమిషానికి సమోసాలు నూనెలోంచి బయటికొస్తాయి కాబట్టి అప్పుడే ఇంటర్వెల్. మా ఊళ్లో క్యాంటీనాయన మధ్యాహ్నం కునుకు తీసి డెబ్భై అయిదో నిమిషానికి గానీ రాడు కాబట్టి అప్పటిదాకా ఇంటర్వెల్ లేదు.

మా ఆయన జేబులోంచి పెన్సిలు తీసి బజ్జీల కాగితం మీద గీత గీశారు. నూట పన్నెండు నిమిషాల గీత. ముప్పై ఎనిమిది దగ్గర ఒక సమోసా, డెబ్భై అయిదు దగ్గర ఒక సమోసా. రెండు సమోసాల మధ్యనున్న భాగాన్ని, మ్యాపుల్లో చెరువుల్ని నింపినట్టు, గీతలతో నింపారు.

“నీకు ఇంతవరకూ నచ్చింది, ఇక్కణ్ణుంచి నచ్చలేదు. నాకు ఇంతవరకూ నచ్చలేదు, ఇక్కణ్ణుంచి నచ్చింది. అంటే మనిద్దరికీ నచ్చింది ఇదే.” చెరువు మీద వేలు పెట్టారు. “మధ్యది!”

నేను వంతెన మీద గెంతాను. బజ్జీలాయన “ఏటండీ, మిరపకాయ తగిలిందా?” అన్నాడు. మా పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు కూడా నాకింత ఆనందం కలగలేదు.

మర్నాడు ఆ కాగితం తీసుకుని విశ్వపతి గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన కళ్లజోడు మార్చుకుని చూశారు.

“మధ్య అనునది శాఖ గుర్తించదు.”

“కానీ సార్, ఇద్దరికీ నచ్చింది అదేనండీ,” అన్నాను.

“అమ్మా, ఇంటర్వెల్‌కు పూర్వం ఉన్నది ఫస్టాఫ్. అనంతరం ఉన్నది సెకండాఫ్. మధ్యన ఉన్నది సమోసా. సమోసా మీద అభిప్రాయం ఆహార శాఖ వారి పరిధిలోనిది.” ఒక్క నిమిషం ఆగి, “అయితే తమరు లేవనెత్తిన అంశం శాఖ మూలాలనే కదిలించునట్లున్నది. ఒకే చిత్రానికి రెండు చోట్ల ఇంటర్వెల్ ఉండుట పెద్ద అరాచకం. అసలైన ఇంటర్వెల్ ఎచ్చటనో నిర్ధారించవలసి ఉన్నది,” అన్నారు.

ఆ సినిమా తీసిన కంపెనీకి ఉత్తరం వెళ్లింది. ‘తమ చిత్రమునందు ఇంటర్వెల్ ఏ నిమిషమున కలదో తక్షణం తెలియజేయగలరు. జాప్యమునకు తామే బాధ్యులు.’ తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది. ‘మీ ప్రశ్న మాకు అర్థం కాలేదు. మా సినిమా మొదలవుతుంది, తర్వాత అయిపోతుంది.’

విశ్వపతి గారు దాన్ని రెండుసార్లు చదివి తల పట్టుకున్నారు. “మొదలవుతుందట, అయిపోతుందట. ఎంతటి బాధ్యతారాహిత్యం!”

ఇక నెలాఖరుకి రెండు రోజులే ఉంది. మా ఆయన తర్వాత జాబితాలో ఉన్నతను అప్పుడే వెళ్లి పధ్నాలుగో నంబరు కిటికీలకి కర్టెన్ల కొలతలు తీసుకున్నాడని తెలిసింది. నాకు అన్నం సహించలేదు. పెరుగన్నం మాత్రం తిన్నాను.

అప్పుడు ఇంటర్వెల్ నిర్ధారణ సంఘం ఏర్పడింది. విశ్వపతి గారు అధ్యక్షులు, భ్రమరాంబ గారు సభ్య కార్యదర్శి, మేమిద్దరం కక్షిదారులం. మర్నాడు పొద్దున్న పది గంటలకి హాల్లో మా నలుగురికే ప్రత్యేక ప్రదర్శన. అధ్యక్షుల వారి చేతికి స్కూళ్లలో కొట్టే ఇత్తడి గంట ఇచ్చారు. ఇంటర్వెల్ ఎక్కడ కనబడితే అక్కడ ఆయన గంట కొట్టాలి. కొట్టిన క్షణం నుంచీ అది ప్రపంచమంతటికీ ఇంటర్వెల్.

లైట్లు ఆపేముందు భ్రమరాంబ గారు లక్షణాలు చదివి వినిపించారు. “ఒకటి, హీరో మొహం తెరనిండా వచ్చి ఆగిపోవుట. రెండు, ఎవరో ఒకరు ఎవరో ఒకరికి సవాలు విసురుట. మూడు, చచ్చిపోయారనుకున్నవాళ్లు గుమ్మంలో నిలబడుట. నాలుగు, పెద్ద చప్పుడు.”

సినిమా మొదలైంది. ముసలాయన భుజం కొలిచాడు. చెయ్యి కొలిచాడు. మళ్లీ భుజం. పక్కన భ్రమరాంబ గారు ఆవలించారు. ఇరవయ్యో నిమిషంలో కత్తెర కింద పడింది. విశ్వపతి గారి చెయ్యి పైకి లేచింది.

“ఇంటర్వెల్ బ్యాంగేనా?” అన్నారు గుసగుసగా.

“కత్తెరండీ,” అన్నారు భ్రమరాంబ గారు. చెయ్యి దిగింది.

ముప్పై ఎనిమిదో నిమిషానికి వెనకనుంచి సమోసాల వాసన వచ్చింది. మా ఆయన, నేను గంట వైపు చూశాం. గంట మోగలేదు. తెర మీద టేపు మార్తమ్మ మెడకి తగిలింది. ఆవిడ నవ్వింది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. నవ్వాక ఆవిడ “నువ్వెవరు బాబూ? మంచివాడిలా ఉన్నావు,” అంది. ముసలాయన, “ఈ వీధి దర్జీనండీ,” అన్నాడు. మొగుణ్నని చెప్పడు. ఇక అక్కణ్ణుంచి రోజూ వస్తాడు, కొలతలన్నీ రాసుకుని ఉన్నా కూడా మర్చిపోయానని చెప్పి మళ్లీ కొలుస్తాడు. ఎందుకంటే కొలిస్తేనే ఆవిడ నవ్వుతుంది.

నేను పక్కకి చూశాను. విశ్వపతి గారు గంట పొరపాటున కూడా మోగకుండా దాని నాలుకని పిడికిట్లో పట్టుకుని ఉన్నారు. డెబ్భై అయిదో నిమిషం వచ్చింది, వెళ్లిపోయింది. తెర మీది వీధిలో బండి ఒకటి పెద్ద చప్పుడుతో బోల్తా పడింది. అది నాలుగో లక్షణం. ఆయన కదల్లేదు. దర్జీ మొహం తెరనిండా వచ్చి ఆగింది. అది మొదటి లక్షణం. ఆయన ముక్కు చీదుకున్నారు. చివరికి కోటు పూర్తయింది, మార్తమ్మ తొడుక్కుంది, మంచులో నడిచి వెళ్లిపోయింది. లైట్లు వెలిగాయి. గంట పిడికిట్లోనే ఉండిపోయింది.

“సూపర్,” అన్నారు విశ్వపతి గారు, గంటని ఒళ్లో పెట్టుకుని. ఆయన నోటివెంట శాఖది కాని సొంత అభిప్రాయం ఒకటి రావడం నేనదే మొదటిసారి వినడం.

“ల్యాగ్,” అన్నారు భ్రమరాంబ గారు.

“ఏమిటీ?”

“ల్యాగండీ. సంతలో రెడీమేడ్ కోటు కొనిస్తే మొదటి రీల్లో అయిపోయే కథ. పైగా కొలతలు మర్చిపోయే దర్జీ దగ్గర కోటు కుట్టించుకోవడమేంటి? నా జాకెట్టు ఇలాగే పాడుచేశాడొకడు.”

“భ్రమరాంబ గారూ, ఆయన మర్చిపోలేదు! మర్చిపోయినట్టు నటిస్తున్నాడు!”

“ఇంకా అన్యాయం కదండీ!”

ఇద్దరూ హాలు మెట్ల మీద కూడా పోట్లాడుకున్నారు. రోడ్డు మీదా పోట్లాడుకున్నారు. మేం వాళ్ల వెనకాలే చల్లారిన సమోసాలు తింటూ నడిచాం. ఆఫీసు గుమ్మంలో భ్రమరాంబ గారు ఠక్కున ఆగిపోయారు. ముప్పై ఏళ్లుగా ఒక్క రూలూ తప్పని మనిషి ఆవిడ.

“సార్, ఒకే కప్పు కింద రెండు టాక్‌లు. తొమ్మిదో నిబంధన ప్రకారం మనం ఒక ఆఫీసు కాదండి.”

విశ్వపతి గారు కాసేపు ఆలోచించారు. “మీ అభిప్రాయం మార్చుకొనుటకు అవకాశం ఉన్నదా?”

“చచ్చినా లేదండి. మీకు?”

“మార్తమ్మ మీద ఒట్టు, లేదు.”

“అయితే విడిపోదామండి.”

అరగంటలో విడిపోయారు. ఆయనకి ఫ్యాను, బీరువా వచ్చాయి. ఆవిడకి ముద్రలు, స్టూలు, ప్రజలు నిలబడే వరసలో సగం వచ్చాయి. విడిపోతూ విశ్వపతి గారు మా ఫైలు తెప్పించుకుని కళ్లు తుడుచుకుంటూ ఉత్తర్వు రాశారు. ‘సదరు చిత్రమునకు ఇంటర్వెల్ లేదని తేలినది. ఇంటర్వెల్ లేనందున ఫస్టాఫ్ లేదు. ఫస్టాఫ్ లేనందున సెకండాఫ్ లేదు. రెండునూ లేనందున సదరు దంపతుల మధ్య భేదం లేదు.’ మా చేతికి వంకాయ రంగు కార్డు వచ్చింది. ఇద్దరి పేర్లూ ఒకే వరసలో ఉన్నాయి. నా పేరు పక్కన ఆయన పేరు చూసి నాకు నడిరోడ్డు మీద సిగ్గేసింది.

అక్కణ్ణుంచి క్వార్టర్ల ఆఫీసుకి ఆటోలో వెళ్లాం. అక్కడి గుమాస్తా కార్డు చూసి, “శుభం,” అన్నాడు. రిజిస్టరు చూసి, “అయ్యయ్యో,” అన్నాడు.

“ఏమైందండీ?” అన్నారు మా ఆయన.

“పధ్నాలుగో నంబరు ఇందాకే ఇచ్చేశామండి. అభిప్రాయ సమన్వయ శాఖ, భిన్న విభాగం. ఇయ్యాలే పుట్టిందంట. దానికి వేరే కప్పు కావాలంట. అర్జంటని పైనుంచి ఫోనండి.”

ఇంకో క్వార్టరు ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగాం. ఒకాయన రిటైర్ అవ్వాలట. ఆయనకింకా పదకొండేళ్ల సర్వీసు ఉందట.

పధ్నాలుగో నంబరు మెట్ల మీద కూర్చుని నిజంగానే ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని నా జడ కొస పట్టుకున్నారు. అప్పుడే ఆటో దిగారు భ్రమరాంబ గారు, ఒక చేతిలో స్టూలు, ఇంకో చేతిలో ముద్రల పెట్టె.

“ఏంటమ్మాయ్ ఆ ఏడుపు? కార్డు రాలేదా?”

“కార్డొచ్చిందండీ. ఇల్లు మీకొచ్చింది.”

ఆవిడ మమ్మల్ని చూశారు, తలుపు తీసి లోపలికి చూశారు. చాలాసేపు ముత్యాల గొలుసు తిప్పుకుంటూ నిలబడ్డారు. “నాకు ముందు గదిలో ఒక బల్ల చాలు. లోపలి గదిలో నేనేం పెట్టుకోను, స్టూలా?” అని, సంచిలోంచి రూల్సు పుస్తకం తీసి పేజీలు తిప్పారు. “ఇదిగో. ప్రతి విభాగంలోనూ పరిశీలన నిమిత్తం ఒక నమూనా జంట ఉండవలెను. వారికి నివాసం శాఖే ఇవ్వవలెను. విశ్వపతి గారు ఇన్నేళ్లూ ఎవర్నీ పెట్టలేదు. చోటు లేదనేవారు.”

“కానీ మేడమ్,” అన్నారు మా ఆయన. ఆయన నిజాయితీ చూసి ఒక్క క్షణం ఆయన నోరు మూసేద్దామనిపించింది. “నమూనాకి అభిప్రాయభేదం ఉండాలి కదండీ? మాకు లేదని సార్ ఉత్తర్వు ఇచ్చారండి.”

“అది ఆయన విభాగం ఉత్తర్వు బాబూ. నా విభాగం ఇంకా మీ ఫైలు తెరవలేదు.” ఆవిడ స్టూలు లోపల పెట్టి కూర్చుని, ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఏదో రాసి, లోపలి గది తలుపుకి అంటించారు. “ఎవరైనా అడిగితే ఇది చూపించండి. మిగతాది నేను చూసుకుంటాను. నాకు ఆ సినిమా నచ్చలేదని విశ్వపతి గారికి గట్టిగా తెలియజెయ్యాలనుంది గానీ, మీ మీద నాకేం కోపం లేదమ్మా.”

అదీ సంగతి. నిన్న సాయంత్రం చాప, రెండు గిన్నెలు, ఒక దుప్పటి తెచ్చుకుని దిగిపోయాం. అత్తయ్యగారు వచ్చి పాలు పొంగించారు. మామగారు ఇల్లంతా తిరిగారు, ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆయన జబ్బు తగ్గినందుకు అందరం సంతోషించాం.

ఈ రోజు పొద్దున్న పది గంటలకి భిన్న విభాగం మొదటిసారి తెరిచారు. వరస మెట్లు దిగి రోడ్డుదాకా వెళ్లింది. మేమింకా లోపలి గదిలోనే ఉన్నాం. నిన్న రాత్రి రెండో ఆటకి చూసిన కొత్త హిందీ సినిమా గురించి దుప్పటి కప్పుకుని మాట్లాడుకుంటున్నాం. హీరోయిన్ రైలెక్కి ఉండాల్సిందని నేను, ఎక్కకూడదని ఆయన. ఆయన ఎక్కకూడదన్న తీరుకి నాకు నవ్వాగలేదు. చప్పుడు బయటికి వెళ్లినట్టుంది. ఎవరో తలుపు దగ్గరికి వచ్చారు. పెద్దాయన గొంతు. కాగితం మీదున్నది కూడబలుక్కుంటూ చదువుతున్నాడు.

“లోనికి రాకూడదు. అభిప్రాయభేదం పరిశీలనలో ఉన్నది.”

ఇద్దరం ఊపిరి బిగబట్టాం. పెద్దాయన వెనక్కి తిరిగి వరసలో వాళ్లకి చెప్పాడు:

“పరిశీలనంటండి. తొందరపెట్టకండి, ఇలాంటియి టైం పడతాయి.”